గడ్డి కోసే ట్రాక్టరుకు ఏ నూనె? ఏ ఫిల్టరు?

ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెనను మీలో ఎంతమంది చూశారు? చూడకపోతే మీ తాతగారిని అడగండి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, ఆ నల్లటి ముద్దను వెదురు గొట్టంలో నింపి బండికి తగిలించుకునేవారు. దారిలో చక్రం కిర్రుమంటే బండివాడు దిగి, సీల ఊడదీసి, ఇరుసుకు ఇంత కందెన పూసి మళ్ళీ బయలుదేరేవాడు. ఏ కొట్లో కొన్న ఆముదమైనా అతనికి ఒకటే.

ఇప్పుడు ఏదైనా ఇంజను నూనె డబ్బా తీసుకుని చూడండి. ఎస్.ఎ.ఇ. 30 అని ఒకదాని మీద, 10డబ్ల్యు-30 అని ఇంకొకదాని మీద ఉంటుంది. ఎ.పి.ఐ. ఎస్.పి. లాంటి అక్షరాలు వీటికి అదనం. పక్కనే ఫిల్టర్లు. ఇంజను చేసిన కంపెనీవారిది ఒక ధర, బయటి కంపెనీవారిది అందులో సగం ధర. పైకి చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఏది కొనాలి?

కిందటి వేసవిలో అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని మా అక్కయ్యగారింట్లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న నాకు ఎదురైంది. అక్కడ ఇంటి చుట్టూ పచ్చిక పెంచుతారు. వేసవి వచ్చిందంటే అది వారం తిరగకుండానే మోకాలి వైపు పాకుతుంది. ఇంత ఎత్తు మించి పెరిగితే జరిమానా వేసే ఊళ్ళు కూడా ఉన్నాయి. పచ్చిక కోసే యంత్రాన్ని మొదట తయారుచేసినవాడు ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషువాడు. ఉన్ని బట్టల మిల్లులో నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి, 1830లో గడ్డికీ అలాంటిదే చేశాడు. దాన్ని మనిషి తోసుకుంటూ నడవాలి. స్థలం పెద్దదైతే నడిచి కోయడం కష్టం కనుక, కూర్చుని నడిపే చిన్న ట్రాక్టర్లు తరవాత వచ్చాయి. పొలం ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ కంపెనీ కూడా 1963లో ఇలాంటిది ఒకటి అమ్మకానికి పెట్టింది.

దీన్ని మన పొలాల్లో దున్నే ట్రాక్టరుకు తమ్ముడనుకోకండి. పొలం ట్రాక్టరుది డీసెలు ఇంజను. సాధారణంగా నీటితో చల్లబడుతుంది, నిదానంగా తిరుగుతుంది. దీనిది పెట్రోలు ఇంజను. ఒకటో రెండో సిలిండర్లు, రమారమి 20 అశ్వశక్తి. నీళ్ళు లేవు. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కలకు గాలి విసిరి చల్లబరుస్తారు. నిమిషానికి ఇంచుమించు 3,600 చుట్లు, అంటే సెకనుకు 60. మండుటెండలో, దుమ్ములో, గడ్డి నలకల మధ్య గంటల తరబడి అలా తిరగాలి. దాని కడుపులో ఉండే నూనె మాత్రం రెండు లీటర్ల లోపే. కారులో ఉండేదానిలో సగం కూడా కాదు.

ఒక శనివారం ఉదయం మా మేనల్లుడు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, ట్రాక్టరును షెడ్డులోంచి తీసి అయిదు నిమిషాలు నడిపి ఆపాడు. వేడెక్కిన నూనె పల్చబడి, అడుగున ఉన్న మడ్డిని కూడా తీసుకుని తొందరగా కారుతుంది. బిరడా విప్పగానే తారులాంటి నల్లటి నూనె తొట్టిలోకి దిగింది.

"మామయ్యా, నూనె అరిగిపోతుందా?" అన్నాడు.

మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే నూనె చేసే పని ముందు తెలియాలి. నూనె జారుడుగా ఉంటుంది కాబట్టి లోహాలు తేలిగ్గా రాసుకుంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి సరిగా నూనె అందుతున్న బేరింగులో లోహాలు ఒకదాన్నొకటి తాకనే తాకవు!

1883లో బీచెంప్ టవర్ అనే ఇంజనీరు ఇంగ్లండులో రైలుపెట్టె ఇరుసు బేరింగుల ఘర్షణను కొలుస్తున్నాడు. బేరింగు నడినెత్తిన నూనె పోయడానికి ఒక రంధ్రం ఉంది. ఇరుసు కింది భాగం నూనెలో మునిగి తిరుగుతున్నది. తిరగడం మొదలుపెట్టగానే ఆ పై రంధ్రంలోంచి నూనె ఉబికి వచ్చింది. టవర్ బిరడా బిగించాడు. బిరడా లేచిపోయింది. కొయ్యమేకు దిగగొట్టాడు. అదీ బయటికొచ్చింది. సరే చూద్దామని పీడనమాపకం తగిలించాడు. ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటిపోయింది! అంత పీడనం ఎక్కడినుంచి వచ్చింది? పంపు లేదే?

మూడేళ్ళ తరవాత, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. తిరిగే ఇరుసు తనకంటుకున్న నూనెను తనతోపాటు లాక్కుపోతుంది. ఇరుసుకూ బేరింగుకూ మధ్య సందు ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా ఉంటుంది. సన్నటి సందులోకి ఈడ్వబడిన నూనెకు పోయే దారి చాలదు. పీడనం పెరుగుతుంది. ఆ పీడనమే ఇరుసును ఎత్తి పట్టుకుంటుంది. వర్షంలో నీళ్ళు నిలిచిన రోడ్డు మీద వేగంగా వచ్చే కారు టైరు నీటిపొర మీదికెక్కి జారడం చూశారా? అక్కడ ప్రమాదం తెచ్చే సూత్రమే ఇక్కడ ఇంజను ప్రాణం నిలుపుతోంది. ఈ నూనెపొర మందం మైక్రాన్లలో ఉంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ రెండు సంగతులు మనసులో పెట్టుకోండి, ఫిల్టరు దగ్గర మళ్ళీ అవసరమవుతాయి.

నూనె పొర నిలవాలంటే నూనెకు తగినంత స్నిగ్ధత కావాలి. స్నిగ్ధత అంటే ప్రవహించడానికి ద్రవం చూపించే మొండితనం. ఒక గాజు గ్లాసులో వేరుశనగ నూనె, ఇంకో దానిలో ఆముదం పోసి, రెండింటిలోనూ ఒకే సైజు గాజుపూస జారవిడవండి. వేరుశనగ నూనెలో పూస చటుక్కున అడుగు తాకుతుంది. ఆముదంలో తీరిగ్గా దిగుతుంది. ఆముదం గ్లాసును వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచి మళ్ళీ చూడండి. ఈసారి పూసకు తొందర పుడుతుంది. వేడికి స్నిగ్ధత తగ్గిందన్నమాట.

(ఆముదాన్ని తక్కువగా చూడకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లలో పోసింది దీన్నే. 1909లో వచ్చిన కాస్ట్రాల్ అనే పేరు ఆముదపు ఇంగ్లీషు పేరు 'క్యాస్టర్' నుంచే పుట్టింది. అయితే వేడికి ఇది జిగురుకట్టుకుపోతుంది. అందువల్ల మామూలు ఇంజన్లలో దాని స్థానాన్ని రాతినూనె తీసుకుంది.)

చిక్కంతా ఇక్కడే ఉంది. చలిలో చిక్కగా ఉండే నూనె ఇంజను మొదలైనప్పుడు మూలమూలకూ చేరదు. వేడిలో పల్చబడే నూనె పొరగా నిలవదు. డబ్బా మీది అంకెలు ఈ రెంటి గురించే చెబుతాయి. ఎస్.ఎ.ఇ. అనేది 1905లో అమెరికాలో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘం. వారి లెక్కలో '30' అంటే 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దగ్గర ఆ నూనె స్నిగ్ధత 9.3కూ 12.5కూ మధ్య ఉండాలి. మామూలు నీటి స్నిగ్ధత ఈ కొలతలో సుమారు 1. '10డబ్ల్యు' లోని డబ్ల్యు బరువుకు గుర్తని కొందరు పొరబడతారు. అది 'వింటర్' అనే మాటకు గుర్తు, అంటే చలికాలం. 10డబ్ల్యు నూనె సున్నాకు దిగువ 25 డిగ్రీల చలిలో కూడా ఇంజనును తిప్పనిచ్చేటంత పల్చగా ఉండాలి. 5డబ్ల్యు నూనె ఇంకో 5 డిగ్రీలు దిగువన ఆ పరీక్ష నెగ్గాలి.

ఒకే నూనెకు రెండు అంకెలు ఎలా వచ్చాయి? పల్చటి నూనెలో పాలిమర్లనే పొడవాటి అణువులను కలుపుతారు. ఇవి చలిలో ఉండలు చుట్టుకుని ఒదిగి ఉంటాయి, వేడిలో విప్పుకుని నూనె మరీ పల్చబడకుండా అడ్డుపడతాయి. బహు తెలివైన ఏర్పాటే. అయితే ఆ పొడవాటి అణువులు పళ్ళచక్రాల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగిపోతూ ఉంటాయి. మా మేనల్లుడి ప్రశ్నకు ఇది సగం జవాబు. మిగతా సగం మసి. పెట్రోలు మండగా వచ్చిన మసినీ ఆమ్లాలనూ నూనెలోని రసాయనాలు పట్టుకుని తేలియాడిస్తూ ఉంచుతాయి. ఆ రసాయనాలు ఖర్చయిపోతే మురికి మడ్డిగా పేరుకుంటుంది. అందుచేత నూనె నల్లబడిందంటే అది పని చేసిందని అర్థం.

ఇక ఏది కొనాలి? చాలా ఇంజన్ల మాన్యువల్సులో ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది. 4 డిగ్రీలకు పైన ఎస్.ఎ.ఇ. 30 వాడవచ్చు. 10డబ్ల్యు-30 కూడా పనికొస్తుంది కాని, 27 డిగ్రీలు దాటిన ఎండలో గాలితో చల్లబడే ఇంజను దాన్ని కాస్త ఎక్కువ తాగేస్తుంది. కృత్రిమంగా తయారైన 5డబ్ల్యు-30 అన్ని కాలాలకూ సరిపోతుంది, ధర ఎక్కువ. గడ్డి పెరిగేది వేసవిలోనే కదా! ఒహైయో మంచులో ఆ ట్రాక్టరు షెడ్డులో నిద్రపోతుంది. అలాంటప్పుడు చలి పరీక్షకు డబ్బెందుకు పొయ్యాలి? సాదా ఎస్.ఎ.ఇ. 30 చాలునని నా అభిప్రాయం. అదే ట్రాక్టరుకు పార తగిలించి మంచు తోసేవారికి నేనిలా చెప్పను.

కంపెనీ పేరు కన్నా ముందు చూడవలసింది ఎ.పి.ఐ. అక్షరాలు. 'ఎస్' తో మొదలైతే పెట్రోలు ఇంజనుకు, 'సి' తో మొదలైతే డీసెలు ఇంజనుకు. రెండో అక్షరం ముందుకు జరిగేకొద్దీ ఆ నూనె కొత్త పరీక్షలు నెగ్గిందని గుర్తు. 2010లో ఎస్.ఎన్., 2020లో ఎస్.పి. వచ్చాయి. ఎస్.ఎ. అనే నూనె 1930 తరవాత తయారైన ఇంజన్లలో చాలావాటికి పనికిరాదని ఆ సంస్థే చెప్పింది. మసిని పట్టుకునే రసాయనాలు అందులో ఉండవు. డబ్బా ఎంత నిగనిగలాడినా, ధర ఎంత చవకైనా, వెనకవైపు ఈ అక్షరాలు చదవకుండా కొనకూడదు.

నూనె మాట ఇలా తేలింది. ఫిల్టరు దగ్గరికి వచ్చేసరికి మావాడు తొందరపడ్డాడు. పాత ఫిల్టరు తిప్పి ఊడదీశాడు. షెడ్డులో బీరువా మీద మా బావగారు కారు కోసం కొనిపెట్టిన కొత్త ఫిల్టరు ఒకటి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఎత్తు ఒకటే. లావు ఒకటే. రబ్బరు వాషరు కూడా ఇంచుమించు ఒకటే.

"ఇది వేసేద్దాం మామయ్యా, కొట్టుకెళ్ళే పని తప్పుతుంది" అని మర మీద పెట్టి తిప్పాడు. సులువుగా ఎక్కింది. మరీ సులువుగా ఎక్కింది. చివరి చుట్టుకు ముందు పట్టుకుని ఊపితే ఫిల్టరు అటూ ఇటూ కదిలింది. పాతది అలా కదల్లేదు.

తీయించి, స్కేలు కిందపడేసి వెర్నియరు తెమ్మన్నాను. (మీ బడి ప్రయోగశాలలో ఉండే వెర్నియరే.) ఇంజను మీది మరగొట్టం వ్యాసం 19 మిల్లీమీటర్ల చిల్లర. అంటే ముప్పావు అంగుళం, 19.05 మిల్లీమీటర్లు. అంగుళానికి 16 మరచుట్లు. చుట్టుకూ చుట్టుకూ ఎడం 1.59 మిల్లీమీటర్లు. కారు ఫిల్టరుది మెట్రిక్ కొలత: 20 మిల్లీమీటర్ల మర, చుట్ల ఎడం 1.5 మిల్లీమీటర్లు. ఎడంలో తేడా మిల్లీమీటరులో పదోవంతైనా లేదు కనుక ఎక్కింది. ఫిల్టరు మర లోపలి అంచుల మధ్య వ్యాసం 18.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 19.05 లోంచి తీసేసి రెండుతో భాగించండి. లోహం లోహాన్ని పట్టుకున్నది మిల్లీమీటరులో మూడోవంతు! సరైన ఫిల్టరయితే ఆ పట్టు ఇంతకు రెట్టింపు పైనే ఉంటుంది.

చేత్తో బిగిస్తే కారదు కూడా. కాని ఇంజను నడిచి నూనె పీడనం పెరిగినప్పుడు, సెకనుకు 60 చుట్ల అదురుకు ఆ పట్టు ఏ క్షణాన్నయినా వదలవచ్చు. అప్పుడు పంపే నూనెనంతటినీ బయటికి కక్కేస్తుంది. రెండు లీటర్ల లోపు నూనె ఖాళీ కావడానికి ఎంతసేపు? సీటు మీద కూర్చుని ముందుకు చూస్తున్న మనిషికి తెలిసేలోపల బేరింగులు పట్టేస్తాయి. మా బావగారి ఇంజను ఆ రోజు ఒక ఊపులో బతికింది.

కొట్టుకు వెళ్ళాం. అక్కడ మళ్ళీ రెండు ఫిల్టర్లు, ఈసారి రెండూ ఆ ఇంజనుకు తగినవే. ఒకటి ఇంజను కంపెనీది, ఒకటి సగం ధరకు బయటిది. మర సరిపోయింది కదా, ఇంక చూడవలసిందేమిటి?

లోపలిది. నూనె ఫిల్టరును ఎర్నెస్ట్ స్వీట్లాండ్ అనే అమెరికావాడు 1923లో రూపొందించి 'ప్యూరొలేటర్' అన్నాడు. 'ఇకమీదట శుభ్రమైన నూనె' అని దానర్థం. నేటి ఫిల్టరులో నూనె అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి లోపలికి వెళ్ళి, మడతలు పెట్టిన కాగితంలోంచి బయటినుంచి లోపలికి వడకట్టబడి, నడిమి రంధ్రంలోంచి తిరిగి ఇంజనుకు పోతుంది. రంధ్రాల వెనక పల్చటి రబ్బరు పొర ఉంటుంది. ఇంజను ఆగినప్పుడు ఫిల్టరులోని నూనె వెనక్కి జారిపోకుండా అదే కవాటం. ఫిల్టరు అడ్డంగా ఉన్న ఇంజన్లలో ఇది గట్టిపడి వంగకపోతే, మర్నాడు ఇంజను మొదలైన కొద్ది సెకన్లు నూనె లేకుండా తిరుగుతుంది. ఇంకొక కవాటానికి స్ప్రింగు ఉంటుంది. కాగితం మురికితో పూడిపోతే ఇది తెరుచుకుని వడకట్టని నూనెనే పంపుతుంది. నూనె బొత్తిగా అందకపోవడం కంటే మురికి నూనె మేలు కదా. స్ప్రింగు మరీ మెత్తనిదైతే కవాటం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, కాగితం ఉన్నా లేనట్టే. కొన్ని ఇంజన్లలో ఈ కవాటం ఇంజను గోడలోనే ఉండడం వల్ల ఫిల్టరులో పెట్టరు. ఒకే సైజు డబ్బాల మధ్య ఎంత తేడా ఉండవచ్చో చూశారా?

ఇక కాగితం. పెట్టె మీద '20 మైక్రాన్లు' అని రాసి ఊరుకుంటే నమ్మకండి. ఎంత శాతం పట్టుకుంటుందో చెప్పాలి. 20 మైక్రాన్ల రేణువులు 100 వస్తే ఒక ఫిల్టరు 50 పట్టుకుంటుంది, ఇంకొకటి 99 పట్టుకుంటుంది. రెండూ '20 మైక్రాన్ల' ఫిల్టర్లే! మొదటిదాన్ని దాటేవి 50, రెండోదాన్ని దాటేది ఒకటి. అయితే న్యాయంగా ఇదీ చెప్పాలి: నూనె గంటలో ఎన్నోసార్లు ఫిల్టరులోంచి తిరుగుతుంది. సగమే పట్టే ఫిల్టరులో కూడా 100 రేణువులు 50 అవుతాయి, తరవాత 25, తరవాత పన్నెండో పదమూడో. కొత్త దుమ్ము రాకపోతే అదీ చాలు.

కాని కొత్త దుమ్ము రాకుండా ఉంటుందా? అది వచ్చే దారి నూనె డబ్బా కాదు, గాలి. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లెక్కకడితే ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి! అదంతా గడ్డి కోస్తూ లేపిన దుమ్ములోంచే రావాలి. ఇసుకలోని స్ఫటికం కాఠిన్యం మోస్ కొలతలో 7, అల్యూమినియానిది 3 కన్నా తక్కువ. నూనెపొర మందం మైక్రాన్లలోనని చెప్పుకున్నాం. దానికన్నా లావైన ఇసుక రేణువు వచ్చిందంటే ఆకురాయితో గీసినట్టే.

అందుకని నూనె ఫిల్టరు విషయంలో కాస్త పొదుపు చేసినా, గాలి ఫిల్టరు దగ్గర నేను చెయ్యను. బయటి కంపెనీదైనా సరే, మూడు చూడాలి. అంచు రబ్బరు మెత్తగా ఉండి చుట్టూ ఒకేలా అదమాలి. లోపల టార్చి వెలిగించి చూస్తే కాగితంలో ఎక్కడా చుక్కలా వెలుతురు పొడుచుకు రాకూడదు. మడతలు చెదిరి ఒకచోట గుంపుగా ఉండకూడదు. పాతదాన్ని పంపు గాలి కొట్టి మళ్ళీ వాడేవారున్నారు. ఆ గాలి దెబ్బకు కాగితంలో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. పైన తొడిగే స్పాంజిని మాత్రం సబ్బునీటితో కడగవచ్చు.

కొట్లో మా బావగారి సందేహం వేరు. "బయటిది వాడితే కంపెనీవాళ్ళు గ్యారంటీ ఇవ్వరేమో బావా?" అన్నారు. అమెరికాలో దీనికొక చట్టమే ఉంది. 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మా పేరున్న ఫిల్టరే వాడితే తప్ప గ్యారంటీ చెల్లదని కంపెనీ షరతు పెట్టరాదు. అలా పెట్టాలంటే ఆ ఫిల్టరును ఉచితంగా ఇవ్వాలి, లేదా ప్రభుత్వ వాణిజ్య సంఘం ప్రత్యేక అనుమతి పొందాలి. అయితే బయటి ఫిల్టరు వల్లనే ఇంజను చెడిందని తేలితే ఆ నష్టం కంపెనీ భరించనక్కరలేదు. బీరువా మీది కారు ఫిల్టరు కథ అక్కడిదాకా వెళ్ళి ఉంటే బావగారికి దమ్మిడీ దక్కేది కాదు.

చివరికి బయటి కంపెనీ నూనె ఫిల్టరే కొన్నాం. ఇంజను నంబరుకు సరిపోతుందని పట్టికలో ఉంది, శాతం ముద్రించి ఉంది. గాలి ఫిల్టరు ఇంజను కంపెనీది. వాషరుకు కొత్త నూనె రాసి, చేత్తో తిప్పి, వాషరు తాకిన తరవాత ముప్పావు చుట్టు బిగించాం. ఊపి చూశాం. కదల్లేదు.

పాత ఫిల్టరును మావాడు పారెయ్యనివ్వలేదు. రేకు కత్తెరతో చుట్టూ కోసి కాగితాన్ని బయటికి లాగాడు. మడతలు విప్పి నేలమీద పరిస్తే మీటరు దాటింది! మడతల్లో మిలమిల మెరిసే నలకలు కనిపించాయి. అయస్కాంతం తెచ్చి పైన తిప్పాడు. రెండో మూడో లేచి అంటుకున్నాయి. మిగిలినవి అక్కడే ఉన్నాయి.

"ఇవి ఇనుము కాదు మామయ్యా" అన్నాడు. కాదు, అల్యూమినియం. పిస్టను తయారయ్యేది దానితోనే. వాడు లేచి వెళ్ళి గాలి ఫిల్టరు మూత మళ్ళీ ఒకసారి విప్పి, అంచు చుట్టూ వేలు పెట్టి తడిమి చూశాడు.